అత్త ఎర కుండ

18 జూలై 2022

పొద్దున దాహమై కుండలో చెంబు ముంచితే చేప వచ్చింది. వేలెడంత. చెంబులో గుండ్రంగా ఒక చుట్టు తిరిగి నా వైపు చూసింది. అరిచాను. అరవడం నాకు అలవాటు లేదు. అందుకే ఆ గొంతు ఇంకెవరిదో అనిపించింది.

అత్త పరుగెత్తుకొచ్చింది. నా కోసం కాదు, చేప కోసం. చెంబు లాక్కుని మెల్లగా కుండలోకి వంచింది. తర్వాత నన్ను చూసి, ఏమే కోడలా, వచ్చి ఒక్క దినం కాలే, అప్పుడే నా ఎరలు తాగవడితివి అన్నది. తాగే నీళ్లు ఇంటి లోపల ఉన్నాయట. అరుగు మీద నీడలో ఉన్నది ఎర కుండ.

నిన్న వచ్చాను. నల్లగొండలో మాకు రెండు గదులు. తమ్ముడి ఫోను, పక్కింటి టీవీ, అమ్మ కుట్టుమిషను. గురుకుల టీచర్ పోస్టులకు చదవాలంటే కుదరడం లేదు. అందుకే బాపు నన్ను తన అక్క దగ్గరికి పంపాడు. రామన్నపేట నుంచి ఆటోలో నాలుగు కిలోమీటర్లు. బిక్షమ్మ అత్తకు పిల్లలు లేరు. మామ చనిపోయి ఆరేళ్లయింది. కూలికి పోతుంది. కూలి లేని పొద్దంతా చెరువు కట్ట మీద ఉంటుంది. ఆమెకు మాటలు తక్కువ అని బాపు చెప్పాడు. నాకూ తక్కువే. ఇద్దరికీ పొత్తు కుదురుతుంది అనుకున్నాను.

పుస్తకాలు సర్దుకున్నాను. ఎకనామిక్స్ పైన, గ్రామర్ కింద.

21 జూలై, సాయంత్రం

ఇవాళ ఎర కోసం ఎర్రలు, అదే వానపాములు, తవ్వాం. అంటే అత్త తవ్వింది, నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

స్నానం చేసే బండ వెనక నీళ్లు ఇంకే చోట మన్ను ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. అత్త గడ్డపార వాడదు. ఇనుము తగిలితే ఎర్ర రెండు ముక్కలవుతుంది. ముక్కలైనదాన్ని ఆమె తీసుకోదు. ఒక పుల్లతో మన్నును పక్కకు తోస్తుంది, పాత పుస్తకంలో పేజీ తిప్పినంత నెమ్మదిగా. ఎర్ర కనిపించగానే లాగదు. రెండు వేళ్లతో పట్టుకుని ఊరుకుంటుంది, అది తనంతట తాను మన్నును వదిలేదాకా. కొబ్బరి చిప్పలో తడి మన్ను, పైన ఒక ఆకు. పది దొరకగానే ఆపేసింది. ఇంకా ఉన్నాయి కదా అన్నాను. ఉండనియ్యి, అయ్యి ఏడికి వోతయ్ అన్నది.

రామన్నపేట దుకాణంలో గాలాల పక్కన పిండి ముద్దల ప్యాకెట్లు చూశాను. అవి ఎందుకు వాడవని అడగడానికి నాకు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పట్టింది. అత్త ఒక్క గుక్కలో చెప్పేసింది. పిండికి బొచ్చె వస్తది, బంగారుతీగ వస్తది, అయ్యి చేపల సంఘపోళ్లు పెంచుకునేటియి. నా గాలానికి కొర్రమీను ఒక్కటే రావాలె. దానికి పిండి వద్దు, సచ్చింది వద్దు. కండ్ల ముంగట ఉరుకుతాంటెనే నోరు తెరుస్తది. ఎర్రకు చిన్నయి వస్తయ్. పెద్దదానికి బతికున్న పరక గావాలె.

పరక అంటే నా చెంబులోకి వచ్చింది.

22 జూలై

చదవలేదు.

27 జూలై

పరకలను పట్టడం చూశాను. అంతా రాసి పెట్టుకోవాలి.

ఒక వెడల్పు సత్తు గిన్నె. మూతికి పాత నూలు చీర పేలిక బిగించి కడుతుంది, డప్పు మీద తోలులాగా. మధ్యలో రెండు వేళ్లు పట్టేంత రంధ్రం. లోపల అడుగున తవుడు, జొన్నరొట్టె ముక్కలు కలిపి పిసికి మెత్తుతుంది, నీళ్లకు లేచిపోకుండా. పొలాల మధ్య కాలువలో మోకాలి లోతున గిన్నెను వాల్చి పెడుతుంది. గిన్నె మూతి నీళ్లు పారిపోయే దిక్కుకు ఉండాలి. వాసన నీళ్లతో కిందికి పోతుంది, చేప ఆ వాసన పట్టుకుని మీదికి ఈదుతూ వస్తుంది. ఇంత సైన్సు ఆమెకు ఎవరు చెప్పారని అడిగాను. చేప చెప్పిందట.

పెట్టాక పక్కకు వచ్చి కూర్చోవాలి. మన నీడ నీళ్ల మీద పడకూడదు. అత్త ఒక వక్కముక్క నోట్లో వేసుకుంది. అది నమిలి అయిపోయాక లేచింది. రంధ్రం మీద అరచేయి కప్పి గిన్నె ఎత్తింది. కుండలోకి వంచితే ముప్పై దాకా ఉన్నాయి. నీళ్లలో ఎవరో చిల్లర విసిరినట్టు మెరిశాయి.

ఒకదాన్ని పట్టుకోబోయాను. అత్త నా మణికట్టు మీద కొట్టింది. ముందుగాల చెయ్యి తడుపుకో, పొడి చెయ్యి దానికి పొయ్యి లెక్క కాలుతది అన్నది. ఇరవై మూడేళ్లలో నా చేతి గురించి ఎవరూ అలా చెప్పలేదు. కాలువలో చేయి చాలాసేపు ఉంచాను.

తర్వాత ఏరింది. పీతలు, కప్ప పిల్లలు, మరీ చిన్నవి తిరిగి కాలువలోకి. పరకలు కుండలోనే. పరక అని ఎట్లా తెలుస్తుంది అని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది. మీ తమ్ముణ్ని ఎట్లా గుర్తుపడతావని అడిగినట్టు. చేతిలోని చేపను తిప్పి తిప్పి చూసి, ఏమో బిడ్డా, గీ తోక కాడ నల్ల చుక్క ఉన్నది సూడు అన్నది.

నోట్స్‌లో రాసుకున్నాను. పరక: వేలెడంత, తోక దగ్గర నల్ల చుక్క. కింద ఎర్ర గీత.

31 జూలై, ఆదివారం

చర్చిలో పూజ నుంచి వచ్చి నేరుగా కట్ట మీదికి. చెరువు నిండింది. తూముకు అవతల ఒక నల్ల బండ ఉంది. దాని మీద అత్త కూర్చునే చోట నున్నగా అరిగింది.

గాలం పరక వీపులోంచి గుచ్చింది. వెన్నెముకకు పైన, వీపు మీది ముల్లుకు కొంచెం వెనక, తోలు పట్టేంత మాత్రమే. లోతుగా పోతే చచ్చిపోతుంది, పైపైన ఉంటే ఊడిపోతుంది. పరక నీళ్లలో పడగానే ఏమీ కానట్టు ఈదింది. నాకు దాని మీద జాలి వేసింది. అత్తకు కూడా వేసినట్టుంది. గుచ్చేటప్పుడు ప్రతిసారీ నాలుక చప్పరించి ఏదో అంటుంది.

కొర్రమీను గాలి కోసం పైకి వస్తుంది. తామరాకుల మధ్య చిన్న బుడగ, చప్పుడు లేని వలయం. నాకు పది చోట్ల కనిపించాయి. అత్త తొమ్మిదింటిని కాదన్నది. అది కప్ప, అది గాలి, అది తాబేలు. పదోదాని వైపు గాలం వదిలింది.

గంటన్నర. కదల్లేదు. నేను కాన్వెంట్ చాపెల్‌లో కూడా అంతసేపు కదలకుండా కూర్చోలేదు. మా పక్కింటి గుర్వమ్మ గేదెలను తోలుకుపోతూ, ఏమే బిక్షమ్మా, ఒక్కదానివి సాలలేదని కోడలిని గూడ బొమ్మను జేసి కూసోవెట్టినవా అన్నది. అత్త తల తిప్పకుండానే, నీ బర్లను జర దూరం తోలు, నీ నోటికి చేపలు బెదురుతున్నయ్ అన్నది.

అప్పుడు దారం బిగుసుకుంది. అత్త లాగలేదు. దారం వదిలింది. ఇంకా వదిలింది. మింగనియ్యి అని తనకు తానే చెప్పుకుంది. తర్వాత ఒక్కసారి మణికట్టు తిప్పింది. నీళ్లు పగిలాయి. నా మోచేయంత చేప, నల్లగా, పాము తలతో. అంత అందమైన వికారమైన దాన్ని నేను చూడలేదు.

ఇంకో పరక మిగిలింది. గాలం మళ్లీ వేసింది. కాసేపటికి ఎర్రటి చిన్న చేప పిల్లల గుంపు ఒకటి నీళ్ల పైన దుప్పటిలాగా కదులుతూ వచ్చింది. కింద పెద్ద నీడ. కొర్రమీను తన పిల్లలను మేపుకుంటోంది. నేను అత్త చేయి పట్టుకుని చూపించాను, ఇంత దగ్గరగా అని. అత్త గాలం పైకి తీసేసింది. గుంపు దాటిపోయేదాకా దారం చుట్టి ఒడిలో పెట్టుకుంది.

ఎందుకని అడగలేదు. కొన్ని నాకూ తెలుస్తాయి.

10 ఆగస్టు

బాపు ఎప్పుడూ చెప్పని సంగతి అత్త ఇవాళ చింతపండు పిసుకుతూ చెప్పింది.

మా వాడ వాళ్లకు అప్పట్లో చెరువు కట్ట మీద కూర్చునే హక్కు లేదు. వల లేదు, చెరువులో వాటా లేదు. పన్నెండేళ్ల అత్త పొలం కాలువల్లో పరకలు పట్టి, ఆ కాలువల్లోనే గాలం వేసేది. కాలువ చేప ఎవరిదీ కాదు. ఒక వానాకాలం అలుగు మీంచి జారిన పెద్ద కొర్రమీను ఆమెకు పడింది. ఊరంతా తెలిసింది. అప్పటి చేపల సంఘం పెద్ద ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఇప్పటి అధ్యక్షుడు మల్లప్ప తండ్రి. తాత, నానమ్మ భయంతో చేతులు కట్టుకుని నిలబడ్డారట. ఆయన ఏ ఎర పెట్టినవని అడిగాడు. అత్త కుండ చూపించింది. ఎట్ల వట్టినవో పట్టి సూపెట్టు అన్నాడు. కాలువ దాకా వచ్చి గొంతుకూర్చుని మొత్తం చూశాడు. లేచేటప్పుడు, రేపటి నుంచి కట్ట మీదికి రా పోరీ అన్నాడు.

షరతులు పెట్టాడు. కొర్రమీను తప్ప ఇంకొకటి పడితే వదిలేయాలి. ఎర మాత్రం కాలువలోనే పట్టాలి. చెరువులోంచి వేలెడు చేప కూడా ఎరకు తీయకూడదు.

కాగితం లేదు, సంతకం లేదు. నలభై ఏళ్లకు పైగా అయింది. మా వాడ నుంచి ఆ కట్ట మీద కూర్చున్న మొదటి మనిషి మా అత్త. సంఘంలో కొందరికి ఇది ఇప్పటికీ ఇష్టం లేదని కూడా చెప్పింది. వీరేశం అయితే బండను చూసినప్పుడల్లా ఉమ్మేస్తాడట. ఉమ్మనియ్యి, బండ ఏమన్న కరుగుతదా అన్నది.

కాన్వెంట్‌లో మాకు రూల్స్ డైరీ ఉండేది. ప్రతి వారం సంతకం పెట్టించుకోవాలి. నేను ఒక్క రూల్ తప్పలేదు. కానీ ఆ రూల్స్‌లో ఒక్కటి కూడా ఇప్పుడు గుర్తు లేదు.

7 సెప్టెంబర్

చెరువులో సర్కారు చేప పిల్లలను వదిలారు. వ్యాన్‌లో ప్లాస్టిక్ సంచులు, లోపల నీళ్లు, గాలి, వేల పిల్లలు. సార్లు వచ్చారు. ఫొటోలు దిగారు. అత్త దూరం నుంచి చూసి, సంచిని ముందుగాల నీళ్లల్ల కాసేపు ఉంచాలె, గట్ల ధన్న ఇప్పి పోస్తే సస్తయ్ అని గొణిగింది. మల్లప్పకు వినిపించింది. ఆపి, అలాగే చేయించాడు.

తర్వాత అందరి ముందు చెప్పాడు. ఈ ఏడు ఎవ్వలి దగ్గర సర్కారు పిల్ల దొరికినా వాళ్లకు కట్ట బంద్. సంఘపోడైనా సరే, గాలపోడైనా సరే. కావలికి వీరేశాన్ని పెట్టారు. మల్లప్ప గాలపోడైనా అన్నప్పుడు వీరేశం అత్త వైపు చూశాడు. అత్త తల ఊపింది, న్యాయమే అన్నట్టు.

12 సెప్టెంబర్

అత్తకు చలిజ్వరం. రామన్నపేట దవాఖానకు తీసుకుపోయాను. సూది, గోలీలు. దారి పొడవునా ఒకటే మాట. వాన తెరిపిచ్చింది, రేపెల్లుండి కొర్రమీన్లు ఆకలి మీద ఉంటయ్, కుండల ఒక్క పరక లేకపాయె.

13 సెప్టెంబర్, సాయంత్రం 5

నేనే పట్టుకొచ్చాను! నలభై! ఒక్కదాన్నే!

అత్త పడుకుని ఉంది. చెప్పకుండా గిన్నె, పేలిక, తవుడు తీసుకుని పోయాను. కుండను అత్తకు చూపించాను. ఆమె లేచి కూర్చోలేకపోయింది. మంచం మీంచే, చుక్క జూసినవా అని అడిగింది. ప్రతిదానికీ చూశాను అన్నాను. అది నిజం. కాలువలనే గద అన్నది. ఊఁ అన్నాను.

అది నిజం కాదు. కాలువ ఉరవడిగా పారుతోంది. రెండుసార్లు గిన్నె కొట్టుకుపోయింది. రెండోసారి నడుము లోతు దాకా దిగి తెచ్చుకున్నాను. తూము దగ్గర చెరువు అంచున నీళ్లు కదలకుండా ఉన్నాయి. అక్కడ పెట్టాను. నీళ్లు అవే కదా, అక్కడివే ఇక్కడికి వస్తాయి కదా అనుకున్నాను. పరకలనే తీస్తున్నాను కదా, సర్కారు పిల్లలను కాదు కదా అనుకున్నాను. ప్రతిదానికీ తోక దగ్గర చుక్క ఉంది.

అత్త నా తల మీద చేయి పెట్టింది. చేయి కాలిపోతోంది. నా కోడలు పనిమంతురాలైంది అన్నది.

14 సెప్టెంబర్, పొద్దున 9

గుర్వమ్మ వచ్చి చెప్పింది. నేను పర్సెంటేజీలు చేస్తున్నాను.

అత్తకు తెల్లవారేసరికి జ్వరం దిగింది. కుండ ఎత్తుకుని కట్ట మీదికి పోయింది. బండ మీద ఇంకా కూర్చోనే లేదట. గాలం ఇంకా చుట్టే ఉందట. వీరేశం వచ్చి కుండ మీది తడిగుడ్డ లాగేశాడు. చూశాడు. కేక వేశాడు. రండ్రి, రండ్రి, నలభై ఏండ్ల పతివ్రత కుండల ఏమున్నదో సూడుండ్రి అన్నాడట.

అత్త చేయి తడుపుకుని కుండలో పెట్టింది. ఒక్కటి పట్టుకుంది. వెంటనే వదిలేసింది. ఇంకోటి. ఆమె మొఖం సూడలేకపోయిన బిడ్డా అని గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇది నీ కుండేనా అని వీరేశం అడిగాడు. నాదే అన్నది. ఎవరు పట్టిన్రు అని అడిగాడు. కుండ నాది అన్నది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

సర్కారు పిల్లలను చెరువులోకి మెల్లగా వంచి ఇంటికి వస్తోందట. మూడు చచ్చిపోయాయట.

ఆదివారం సంఘం కూర్చుంటుంది.

అదే రోజు, 4 గంటలు

అత్త వచ్చింది. అన్నం వండింది. తినేటప్పుడు, తూము కాడనా అన్నది. తల ఊపాను. నాకు చెప్పాలె గద బిడ్డా అన్నది. అంతే.

నేనే ఆదివారం వచ్చి చెబుతాను అన్నాను. వద్దన్నది. నువ్వు రేపు టీచరమ్మవు అయ్యేదానివి, నీ పేరు నలుగుట్ల వడొద్దు. నాదేమున్నది, కాలువ ఉండనే ఉన్నది అన్నది.

ఇక్కడ అబద్ధం రాయకూడదు. ఆమె వద్దన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది.

15 సెప్టెంబర్

చెప్పలేదు.

16 సెప్టెంబర్

అత్త కలుపు తీయడానికి పోయింది. జ్వరం మళ్లీ వస్తుందంటే వినలేదు. వచ్చేటప్పుడు కట్ట దారి వదిలి పొలాల మీదుగా చుట్టూ తిరిగి వచ్చింది. అరగంట ఎక్కువ నడక. కుండను అరుగు మీద బోర్లించింది.

సాయంత్రం గాలం వేసే వేళకు ఆమె చేతులకు ఏం చేయాలో తెలియలేదు. దారం తీసింది, చుట్టింది, పెట్టింది. మళ్లీ తీసింది. ఎన్ని రకాల పనులు వచ్చిన చేతులు!

మూడు పేజీల ఉత్తరం రాశాను. గౌరవనీయులైన అధ్యక్షులు గారికి. మొత్తం రాశాను, తూము, గిన్నె, ఊఁ అన్న అబద్ధం. తప్పుల్లేకుండా ఫెయిర్ చేశాను.

17 సెప్టెంబర్

ఉత్తరం తీసుకుని మల్లప్ప ఇంటికి పోయాను. వాకిట్లో వల అల్లుకుంటున్నాడు. నా చేతిలోంచి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ సగం దాకా చదివాడు. మడిచి తిరిగి ఇచ్చేశాడు. అచ్చరాలు ముత్యాల లెక్క ఉన్నయ్ బిడ్డా, కానీ గిది నా ఒక్కనికి చెప్తే ఏం ఫాయిదా? మీ అత్తను పదిమందిల అన్నరు. రేపు పదిమందిల వచ్చి చెప్పు అన్నాడు.

చర్చిలో పాపాలు చెప్పుకునే కన్ఫెషన్‌లో మధ్యన జాలీ ఉంటుంది. అవతల ఫాదర్ మొహం కనిపించదు. మన మొహం ఆయనకు కనిపించదు. అందుకే చెప్పగలిగేదాన్ని.

18 సెప్టెంబర్, ఆదివారం

అన్నీ వరుసగా రాస్తాను.

చేపల షెడ్డులో ముప్పై మంది. అందరూ మగవాళ్లే. గుర్వమ్మ మాత్రం గేదెలను వదిలేసి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. అత్త నన్ను చూసి కళ్లతోనే, పో ఇంటికి అన్నది. పోలేదు.

ఉత్తరం విప్పాను. గౌరవనీయులైన అని చదివాను. ఆ మాట నాకే వినిపించలేదు. వీరేశం, కాన్వెంట్ల గింతే నేర్పిన్రా, జర గట్టిగ సదువు అన్నాడు. నవ్వారు. ఉత్తరం మడిచేశాను. నేనే పట్టిన అన్నాను. అత్త మాట్లాడినట్టే వచ్చింది నోట్లోంచి. తూము కాడ గిన్నె వెట్టిన. అత్తకు జ్వరం. కాలువలనే పట్టిననని అబద్ధం చెప్పిన. ఆమెకు తెల్వది.

తర్వాత వీరేశం లేచాడు. శానా బాగున్నది, సదువుకున్న పోరిని ముంగట వెట్టి బిక్షమ్మ తప్పించుకుంటాంది. ఎమ్మే సదివిన పిల్లకు పరకకూ సర్కారు పిల్లకూ తేడ తెల్వదా? ఎవ్వలు నమ్ముతరు అన్నాడు. చాలామంది తలలు ఊపారు. నాకే అది న్యాయమైన ప్రశ్న అనిపించింది.

మల్లప్ప ఎవరికో సైగ చేశాడు. బకెట్ తెచ్చారు. కాలువలోవి, చెరువులోవి కలిపి ఇరవై చేపలు. రెండు గిన్నెలు పెట్టారు. బిడ్డా, పరకలను గిందుల, సర్కారు పిల్లలను గందుల ఏరు అన్నాడు.

నేను పరీక్షల్లో ఎప్పుడూ భయపడను. భయపడలేదు. చుక్క చూశాను. చుక్క ఉన్నది ఇందులో, లేనిది అందులో. నాకు చేతనైనంత శ్రద్ధగా చేశాను. పద్నాలుగు ఇందులో, ఆరు అందులో.

మల్లప్ప వంగి చూశాడు. పద్నాలుగింట్లో పరకలు ఎనిమిదే. మిగతా ఆరు సర్కారు వదిలిన మృగాల అనే చేప పిల్లలు. వాటికీ తోక దగ్గర చుక్క ఉంటుందట. షెడ్డు మొత్తం నవ్వింది. ఏం సదివినవ్ బిడ్డా అని ఒక ముసలాయన అడిగాడు. ఎమ్మే ఇంగ్లీష్ అన్నాను. ఇంకా నవ్వారు. వీరేశం కూడా నవ్వాడు, నవ్వి ఆపలేకపోయాడు, ఆ తర్వాతే అతనికి తట్టింది తను దేనికి నవ్వుతున్నాడో.

నా జీవితంలో మొదటిసారి ఫెయిలయ్యాను. ముప్పై మంది ముందు. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

కానీ అత్త నవ్వలేదు, ఏడవలేదు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి ఒక్కసారిగా ముందుకొచ్చింది. మీ పంచాయితి మన్నువడ, ముందుగాల నీళ్లు మార్చుండ్రి, నోర్లు దెరుస్తున్నయ్, సస్తయ్ అని అరిచింది. బిందెలో చేయి ముంచి తడుపుకుంది. అంత కోపంలో కూడా తడుపుకుంది. మాట్లాడుతూనే, మల్లప్ప వైపు చూస్తూనే, నా మొదటి గిన్నెలో చేయి పెట్టి ఆరింటినీ రెండోదాంట్లోకి వేసేసింది. గిన్నెల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను పది నిమిషాలు చేసిన పని, ఒక తిట్టు పూర్తయ్యేలోపు.

మల్లప్ప ఒక్కొక్కటి ఎత్తి చూశాడు. ఒక్కటి తప్పు లేదు.

మల్లప్ప వీరేశం వైపు తిరిగాడు. వీరేశం, గీ చెయ్యి గా కుండల వడ్డదా, నువ్వు గుడ్డ లాగకముందు అని అడిగాడు. లేదన్నాడు వీరేశం. గాలం తడిసి ఉండెనా? లేదన్నాడు. అబద్ధం చెప్పలేదు. అందుకు అతన్ని కూడా మెచ్చుకోవాలి.

తీర్పు చిన్నది. బిక్షమ్మ బండ బిక్షమ్మదే. చెరువులో గిన్నె పెట్టిన చేయి నాది, శిక్ష నాది. ఈ పిల్లలు పెద్దవై ఎండాకాలం వల వేసేదాకా నేను కట్ట ఎక్కకూడదు. అత్త ఏదో అనబోయింది. సరే అన్నాను, గట్టిగానే.

ఇంటికి వచ్చేటప్పుడు కల్వర్టు దగ్గర అత్త ఆగింది. పద్నాలుగుట్ల ఆరా అన్నది. తల ఊపాను. నవ్వు మొదలైంది. కూర్చోవలసి వచ్చింది. పైట చెంగుతో కళ్లు తుడుచుకుని, మల్ల నలభైటికి చుక్క జూసిననంటివి గదనే అన్నది. నేనూ కూర్చున్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

20 సెప్టెంబర్

కాలువ తగ్గింది. అత్త నా కళ్లకు తన పైట కట్టింది. తడి అరచేతిలో ఒక చేప పెట్టింది. కదలకు, అదే చెప్తది అన్నది.

పరక బొద్దుగా ఉంటుంది. అరచేతిలో పక్కకు వాలి ఆగుతుంది. వీపు మీద ఒక గట్టి ముల్లు గుచ్చుకుంటుంది. మృగాల పిల్లకు ఆ ముల్లు ఉండదు. సబ్బు ముక్కలాగా వేళ్ల మధ్య నుంచి జారిపోవాలని చూస్తుంది. అలుగు మీంచి కొట్టుకొచ్చినవి ఇప్పుడు కాలువలోనూ ఉన్నాయట. కాబట్టి చేతికి తెలియాల్సిందే.

అయితే చుక్క అని ఎందుకు చెప్పావు అన్నాను. నువ్వు అడిగితివి, ఏదో ఒకటి చెప్పాలె గద, నాకేమెరుక నేను ఎట్ల పడుతున్ననో అన్నది.

నోట్స్‌లో ఆ లైను కొట్టేశాను. దాని కింద ఏమీ రాయలేదు.

పన్నెండింట్లో తొమ్మిది చెప్పాను.

27 సెప్టెంబర్

చదువుతున్నాను. పొద్దున కాలువ, తర్వాత ఎకనామిక్స్. పదిహేనింట్లో పదిహేను.

2 అక్టోబర్, పొద్దున 6.10

కాలువలో పదిహేడు పట్టాను. కట్ట కింద నిలబడి కుండ అందించాను. అత్త చేయి తడుపుకుని లోపల పెట్టింది. ఒకదాన్ని తీసి కాలువలోకి వదిలింది. అది పరకే, నాకు తెలుసు. అది పరకే అన్నాను. గుడ్ల మీదున్నది అన్నది.

కుండ ఎత్తుకుని కట్ట ఎక్కిపోయింది. ఇప్పుడు కనిపించడం లేదు.

కాలువలో చేయి పెట్టి కళ్లు మూసుకున్నాను. ఏదో వచ్చి వేళ్లకు తగిలింది. చూడలేదు.